జాన్‌పియెరో కోంబి: ఏడు గోల్స్ పరాభవం నుంచి ప్రపంచ కప్ దాకా

ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఇటలీ గోల్‌కీపర్లది ఒక విశిష్టమైన పరంపర. డినో జోఫ్, జాన్‌లుయిజి బుఫాన్ వంటి పేర్లు నేటి క్రీడాభిమానులకు సుపరిచితమే. ఆ పరంపరలో తొలి వరుసన నిలిచే వ్యక్తి జాన్‌పియెరో కోంబి. 1934లో ఇటలీ మొట్టమొదటిసారి ప్రపంచ కప్ గెలుచుకున్నప్పుడు అంతిమ పోటీలో ఆ జట్టుకు సారథ్యం వహించింది ఆయనే. క్రీడాజీవితమంతా ఒకే క్లబ్‌కు అంకితమై, ఐదు జాతీయ టైటిళ్లలో పాలుపంచుకుని, దేశం తరఫున 47 మ్యాచ్‌లు ఆడిన ఈ టురిన్ నగరవాసి అంతర్జాతీయ ప్రస్థానం మాత్రం ఘోర పరాజయంతో మొదలైంది. తొలి మ్యాచ్‌లోనే ప్రత్యర్థులు ఆయనపై ఏడు గోల్స్ చేశారు. ఆ రోజుకూ, ప్రపంచ కప్ అందుకున్న రోజుకూ మధ్య గడిచిన పదేళ్ల కాలమే కోంబి అసలు చరిత్ర.

గోల్‌కీపర్ పని విచిత్రమైనది. దాడి చేసే ఆటగాడు పది అవకాశాలు చేజార్చి పదకొండోదాన్ని గోల్‌గా మలిస్తే ప్రేక్షకులు జేజేలు పలుకుతారు. గోల్‌కీపర్ పది బంతులు ఆపి పదకొండోది వదిలితే ఆ ఒక్కటే గుర్తుంచుకుంటారు. ఇలాంటి స్థానంలో నిలిచి, యావద్దేశపు నమ్మకాన్ని చూరగొనడం కోంబి సాధించిన విజయం.

టురిన్ బాలుడు, నలుపు తెలుపు చొక్కా

జాన్‌పియెరో కోంబి 1902 నవంబర్ 20న ఉత్తర ఇటలీలోని టురిన్ నగరంలో జన్మించారు. ఆల్ప్స్ పర్వతపాదాన ఉన్న ఈ నగరం అప్పటికే పరిశ్రమలకు నెలవుగా మారుతోంది. 1899లో స్థాపితమైన ఫియట్ మోటారు వాహనాల సంస్థ నగర స్వరూపాన్నే మార్చివేసింది. ఫుట్‌బాల్ కూడా ఆ కాలంలోనే అక్కడ వేళ్లూనుకుంది. 1897లో కొందరు పాఠశాల విద్యార్థులు కలిసి యువెంటస్ క్లబ్‌ను నెలకొల్పారు. 1906లో టొరినో క్లబ్ ఏర్పడింది. నగరం రెండుగా చీలి ఈ రెండు జట్లనూ అభిమానించసాగింది.

కోంబి యువెంటస్ పక్షాన చేరారు. 1920 దశకం తొలి ఏళ్లలోనే ఆ క్లబ్ ప్రధాన జట్టులో స్థానం సంపాదించి, 1934లో విరమించే వరకు మరో క్లబ్ చొక్కా తొడగలేదు. ఆ క్లబ్ తరఫున ఆయన ఆడిన మ్యాచ్‌లు 350కి పైమాటే.

1923లో ఫియట్ స్థాపకుల్లో ముఖ్యుడైన జొవాన్ని అన్యెల్లి కుమారుడు ఎదోఆర్దో అన్యెల్లి యువెంటస్ అధ్యక్ష పదవి చేపట్టారు. విద్యార్థుల సరదాగా మొదలైన క్లబ్ క్రమంగా పెద్ద సంస్థగా రూపుదిద్దుకోవడం అప్పటినుంచే. ఇటలీ ఫుట్‌బాల్ ఔత్సాహిక క్రీడ నుంచి వృత్తి క్రీడగా మారుతున్న సంధికాలం అది. కోంబి క్రీడాజీవితం సరిగ్గా ఆ సంధికాలంతోనే ముడిపడి ఉంది.

ఆనాటి గోల్‌కీపర్

కోంబి గొప్పతనాన్ని అంచనా వేయాలంటే ఆనాటి ఆట తీరును కొంత గుర్తు చేసుకోవాలి. గోల్ కొలతలు నేటివే. వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. మిగిలినవన్నీ వేరు. బంతి దళసరి తోలుతో కుట్టినది. పైన తాళ్లతో బిగించిన ముడి ఉండేది. వాన కురిస్తే తోలు నీరు పీల్చుకుని బంతి బరువెక్కేది. నేటి గోల్‌కీపర్లు ధరించే మెత్తని ప్రత్యేక చేతితొడుగులు అప్పుడు లేవు. బరువెక్కి దూసుకొచ్చే బంతిని చేతులతోనే ఆపాలి, రొమ్ముకు హత్తుకోవాలి.

ప్రత్యర్థులు గోల్‌కీపర్‌ను భుజంతో నెట్టడం ఆనాటి నియమాల ప్రకారం చాలావరకు సమ్మతమే. బంతి చేతిలో ఉండగానే ఢీకొట్టి గోల్ గీత దాటించిన సందర్భాలు ఉండేవి. అన్నింటికీ మించి, గాయపడిన ఆటగాడి స్థానంలో మరొకరిని దింపే వీలు లేదు. గోల్‌కీపర్ గాయపడితే నొప్పి భరిస్తూ నిలవాలి, లేదా మరో ఆటగాడు ఆ స్థానంలోకి వెళ్లి జట్టు పదిమందితోనే ఆట ముగించాలి.

కోంబి మరీ పొడగరి కాదు. శరీరపు లాఘవం, బంతి గమనాన్ని ముందుగా పసిగట్టి సరైన చోట నిలవడం, ఆటగాళ్ల కాళ్ల మధ్యకు దూకే తెగువ ఆయన బలాలు. ప్రేక్షకులను ఆకట్టుకోవడానికి అనవసరంగా గాల్లోకి ఎగరడం కంటే, బంతి వచ్చే దారిలో ముందే నిలబడటం ఆయన పద్ధతి.

బుడాపెస్ట్‌లో చేదు ఆరంభం

1924 ఏప్రిల్ 6న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో కోంబి తొలిసారి ఇటలీ జాతీయ జట్టు తరఫున బరిలో దిగారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. మధ్య యూరప్ దేశాలైన హంగేరీ, ఆస్ట్రియా, చెకోస్లొవేకియా ఆనాడు ఫుట్‌బాల్ కళకు విశ్వవిద్యాలయాల వంటివి. చిన్న చిన్న పాస్‌లతో బంతిని అందిపుచ్చుకుంటూ సాగే వారి ఆటకు ఇటలీ తట్టుకోలేకపోయింది. హంగేరీ 7-1 తేడాతో గెలిచింది.

అంతటి ఓటమి తరువాత యువ గోల్‌కీపర్ జాతీయ జట్టు నుంచి శాశ్వతంగా కనుమరుగైతే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. జెనోవా క్లబ్‌కు చెందిన జొవాన్ని దె ప్రా వంటి సమర్థుడు అప్పటికే పోటీలో ఉన్నారు. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఇటలీ గోల్ బాధ్యత దె ప్రా చేతికి వెళ్లింది. కోంబి టురిన్‌కు తిరిగి వచ్చి క్లబ్ ఆటలో తన్ను తాను తీర్చిదిద్దుకున్నారు.

934 నిమిషాలు

1925లో ఫుట్‌బాల్ నియమాల్లో ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు దాడి చేసే ఆటగాడికీ ప్రత్యర్థి గోల్ గీతకూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉంటేనే ఆఫ్‌సైడ్ కాదు. ఆ సంఖ్యను ఇద్దరికి తగ్గించారు. గోల్స్ పెరగాలన్నదే ఈ మార్పు ఉద్దేశం. అనుకున్నట్టే యూరప్ అంతటా గోల్స్ పెరిగాయి, గోల్‌కీపర్ల కష్టాలూ పెరిగాయి.

సరిగ్గా ఆ 1925-26 సీజన్‌లోనే కోంబి ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా వరుసగా 934 నిమిషాలు గడిపారు. అంటే పది మ్యాచ్‌లకు పైగా ఏ ప్రత్యర్థీ ఆయనను దాటి బంతిని లోపలికి పంపలేకపోయారు. నియమాలన్నీ దాడి చేసేవారి పక్షాన మారిన ఏడాదిలో సాధించినది కనుక ఈ ఘనతకు విలువ ఎక్కువ. దాదాపు 90 ఏళ్ల తరువాత, 2015-16 సీజన్‌లో అదే యువెంటస్ గోల్‌కీపర్ బుఫాన్ 970 నిమిషాలకు పైగా గోల్ ఇవ్వకుండా నిలిచినప్పుడు ఇటలీ పత్రికలు కోంబి పేరును మళ్లీ తలచుకున్నాయి.

ఆ సీజన్ యువెంటస్‌కు సంతోషాన్నీ విషాదాన్నీ కలిపి ఇచ్చింది. అప్పట్లో ఉత్తర, దక్షిణ ప్రాంతాలకు విడివిడిగా పోటీలు జరిగేవి. చివర ఆ రెండు ప్రాంతాల విజేతలు తలపడేవారు. ఉత్తర ప్రాంత అంతిమ పోటీలో యువెంటస్, బొలోనియా జట్లు రెండు మ్యాచ్‌లు ఆడినా ఫలితం తేలలేదు. నిర్ణాయక మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందు యువెంటస్ శిక్షకుడు, హంగేరీకి చెందిన యెనో కారోయ్ గుండెపోటుతో మరణించారు. ఆ దుఃఖంలోనే ఆగస్టు 1న బరిలో దిగిన జట్టు 2-1తో గెలిచింది. ఆ తరువాత దక్షిణ ప్రాంత విజేత ఆల్బా రోమాను 7-1, 5-0 తేడాలతో ఓడించి జాతీయ టైటిల్ సాధించింది. 1905 తరువాత యువెంటస్‌కు దక్కిన తొలి టైటిల్ అది. కోంబికి కూడా అదే మొదటిది.

వృత్తి క్రీడాకారుల యుగం

యువెంటస్ ఆ నిర్ణాయక మ్యాచ్ గెలిచిన మర్నాడే, 1926 ఆగస్టు 2న వియారెజ్జో పట్టణంలో ఇటలీ ఫుట్‌బాల్ పాలనను మార్చివేసిన ఒక శాసనపత్రం వెలువడింది. ఆటగాళ్లు ప్రతిఫలం పుచ్చుకోవడానికి అది తొలిసారి అధికారికంగా దారి తెరిచింది. విదేశీ ఆటగాళ్లపై ఆంక్షలు విధించింది. ఇటాలియన్ మూలాలున్న దక్షిణ అమెరికా ఆటగాళ్లకు మాత్రం అవకాశం మిగిలింది. 1929లో దేశమంతటికీ ఒకే లీగ్‌గా సెరీ ఆ మొదలైంది. ఔత్సాహికుల కాలంలో ఆట మొదలుపెట్టిన కోంబి, వృత్తి క్రీడాకారుల తొలి తరానికి ప్రతినిధిగా మారారు.

ఆ మార్పునకు నిదర్శనం ఆయన ముందు ఆడిన ఫుల్‌బ్యాక్‌ల కథ. వెర్జీనియో రోజెట్టా 1923లో ప్రో వెర్చెల్లి క్లబ్ నుంచి యువెంటస్‌కు వచ్చారు. ఆటగాడు డబ్బు కోసం క్లబ్ మారడమేమిటని దేశమంతటా దుమారం రేగింది. ఆయనను ఆడించినందుకు యువెంటస్ కొన్ని మ్యాచ్‌ల ఫలితాలనే కోల్పోవలసి వచ్చింది. మరో ఫుల్‌బ్యాక్ ఉంబెర్తో కాలిగారిస్ 1928లో కజాలే క్లబ్ నుంచి వచ్చారు. అప్పటికి అలాంటి మార్పు సాధారణ విషయమైపోయింది.

ఆనాటి వ్యూహంలో గోల్‌కీపర్ ముందు ఇద్దరే ఫుల్‌బ్యాక్‌లు ఉండేవారు. అందువల్ల ఆ ముగ్గురూ ఒకరి మనసు ఒకరు ఎరిగిన అన్నదమ్ముల్లా మెలగాలి. రోజెట్టా నిదానంగా, ఆలోచనతో ఆడేవారు. కాలిగారిస్ ఆవేశంతో, తలకు తెల్లని గుడ్డ కట్టుకుని దూసుకుపోయేవారు. వారిద్దరినీ దాటి వచ్చిన బంతి సంగతి కోంబి చూసుకునేవారు. కోంబి, రోజెట్టా, కాలిగారిస్ అనే మూడు పేర్లను ఇటలీ అభిమానులు విడదీయకుండా ఒకే మాటలా పలకడం అలవాటు చేసుకున్నారు. బడిపిల్లలకు కూడా ఆ వరస కంఠతా వచ్చేది. క్లబ్ జట్టులోనే కాక జాతీయ జట్టులోనూ ఈ ముగ్గురూ ఎన్నోసార్లు కలిసి ఆడారు.

మళ్లీ బుడాపెస్ట్

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికి ప్రపంచ కప్ ఇంకా పుట్టలేదు. దేశాల మధ్య ఫుట్‌బాల్ ఆధిపత్యానికి ఒలింపిక్సే కొలమానం. అక్కడ ఇటలీ సెమీఫైనల్‌లో ఉరుగ్వే చేతిలో 3-2 తేడాతో ఓడింది. ఆ ఉరుగ్వేయే చివరకు స్వర్ణం గెలిచింది. ఇటలీ ఈజిప్టును 11-3తో ఓడించి కాంస్య పతకం అందుకుంది. కోంబికి దక్కిన ఒలింపిక్ పతకం అదే.

1929లో వితోరియో పోజ్జో జాతీయ జట్టు బాధ్యతలను పూర్తిస్థాయిలో స్వీకరించారు. ఆయన కూడా టురిన్ వాసే. క్రమశిక్షణకు, ఆటగాళ్ల మనస్తత్వ పరిశీలనకు పేరుపడిన శిక్షకుడు. 1930 మే 11న ఇటలీ మళ్లీ బుడాపెస్ట్ వెళ్లింది. మధ్య యూరప్ దేశాల అంతర్జాతీయ కప్ తొలి విజేతను తేల్చే మ్యాచ్ అది. ఆరేళ్ల క్రితం ఏడు గోల్స్ చవిచూసిన నగరంలోనే కోంబి తిరిగి గోల్‌స్తంభాల మధ్య నిలిచారు. ఈసారి హంగేరీ ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది. పందొమ్మిదేళ్ల జుసెప్పె మియాజ్జా మూడు గోల్స్ చేయగా, ఇటలీ 5-0తో గెలిచి కప్ సాధించింది. ఇటలీ ఫుట్‌బాల్ యుక్తవయసుకు వచ్చిన రోజుగా చరిత్రకారులు ఆ మ్యాచ్‌ను పేర్కొంటారు. కోంబి విషయంలో అది పాత అప్పు తీర్చుకున్న రోజు కూడా.

నాలుగు టైటిళ్లు, దేశవ్యాప్త కీర్తి

1930-31 నుంచి 1934-35 వరకు వరుసగా ఐదుసార్లు యువెంటస్ ఇటలీ విజేతగా నిలిచింది. మొదటి నాలుగు టైటిళ్లలో కోంబి ప్రధాన గోల్‌కీపర్. కార్లో కార్కానో శిక్షణలో, అర్జెంటీనా నుంచి వచ్చిన రైముందో ఓర్సి, లూయిస్ మోంటి వంటి ఆటగాళ్ల చేరికతో ఆ జట్టు దేశంలో ఎదురులేని శక్తిగా మారింది.

ఆ విజయపరంపర యువెంటస్‌ను టురిన్ హద్దులు దాటించింది. తమ ఊళ్లో పెద్ద క్లబ్ లేని చిన్న పట్టణాల ప్రజలు, దక్షిణ ప్రాంతాల వారు కూడా ఈ నలుపు తెలుపు చారల జట్టును తమదిగా భావించసాగారు. ఇందుకు పత్రికలతో పాటు రేడియో కూడా తోడ్పడింది. 1930 దశకం మొదట్లో ఇటలీ రేడియోలో నికొలో కరోజియో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం మొదలుపెట్టారు. మైదానం ఎన్నడూ చూడని లక్షలాది మందికి ఆటగాళ్లు ఆయన గొంతు ద్వారానే పరిచయమయ్యారు. గోల్‌కీపర్ బంతిని ఆపిన క్షణం కంటికి కనబడకపోయినా, వ్యాఖ్యాత స్వరంలోని ఉద్వేగాన్ని బట్టి శ్రోతలు దాన్ని ఊహించుకునేవారు. కోంబి కీర్తి ఈ విధంగా కళ్ల కంటే చెవుల ద్వారానే ఎక్కువ ఇళ్లకు చేరింది.

1933 మే 13న రోమ్‌లో ఇటలీ ఇంగ్లండ్‌తో తలపడింది. ఫుట్‌బాల్‌కు జన్మస్థానమైన ఇంగ్లండ్‌ను ఆనాడు ప్రపంచమంతా గురుస్థానంలో చూసేది. ఆ రోజు కోంబి, రోజెట్టా, కాలిగారిస్ ముగ్గురూ బరిలో ఉన్నారు. మ్యాచ్ 1-1తో సమంగా ముగిసింది. గురువులతో సరిసమానంగా నిలిచామన్న ఆత్మవిశ్వాసం ఇటలీకి కలిగింది.

ఆ కీర్తికి నీడలు కూడా ఉన్నాయి. 1932లో మధ్య యూరప్ క్లబ్‌ల పోటీ అయిన మిట్రోపా కప్ సెమీఫైనల్‌లో యువెంటస్, ప్రాగ్‌కు చెందిన స్లావియా జట్లు తలపడ్డాయి. ప్రాగ్‌లో స్లావియా 4-0తో గెలిచింది. టురిన్‌లో జరిగిన రెండో మ్యాచ్‌లో యువెంటస్ 2-0 ఆధిక్యంలో ఉండగా ప్రేక్షకుల్లోంచి దూసుకొచ్చిన రాయి స్లావియా గోల్‌కీపర్ ఫ్రాంతిషెక్ ప్లానిచ్కాకు తగిలింది. స్లావియా ఆటగాళ్లు మైదానం వీడారు. నిర్వాహకులు రెండు జట్లనూ పోటీ నుంచి తొలగించారు. అభిమానం హద్దు మీరితే ఆట ఏమవుతుందో చెప్పిన చేదు ఉదంతం అది. ప్లానిచ్కా రెండేళ్ల తరువాత కోంబికి మరింత పెద్ద వేదికపై ఎదురుపడ్డారు.

వీడ్కోలు వేళ వచ్చిన పిలుపు

1934 నాటికి కోంబి వయసు 31. ఆ సీజన్‌తో ఆటకు స్వస్తి చెప్పాలని నిర్ణయించుకున్నారు. ఆ వేసవిలో ఇటలీ ఆతిథ్యమిస్తున్న ప్రపంచ కప్‌కు ప్రధాన గోల్‌కీపర్‌గా పోజ్జో యువకుడైన కార్లో చెరెజోలిని ఎంచుకున్నారు. టోర్నీకి ముందు సాధనలో చెరెజోలి చేయి విరిగింది. పోజ్జో మళ్లీ కోంబి వైపే చూశారు. విశ్రాంతికి సిద్ధపడిన సీనియర్ ఆటగాడు దేశపు భారాన్ని భుజాన వేసుకున్నారు.

మే 27న రోమ్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లో ఇటలీ అమెరికాను 7-1తో ఓడించింది. అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. మే 31న ఫ్లోరెన్స్‌లో స్పెయిన్‌తో పోటీ. స్పెయిన్ గోల్‌లో ఉన్నది రికార్డో జమోరా. జమోరా, ప్లానిచ్కా, కోంబి ముగ్గురినీ ఆ కాలపు అగ్రశ్రేణి గోల్‌కీపర్లుగా యూరప్ పరిగణించేది. అదనపు సమయం ఆడినా మ్యాచ్ 1-1తో తేలలేదు. ఆట అత్యంత కఠినంగా సాగింది. ఎందరో ఆటగాళ్లు గాయపడ్డారు. మర్నాడే మళ్లీ ఆడవలసి వచ్చింది. గాయంతో జమోరా ఆ మ్యాచ్‌కు దూరమయ్యారు. మియాజ్జా గోల్‌తో ఇటలీ 1-0తో గట్టెక్కింది.

ఇంకో రెండు రోజులకే, జూన్ 3న మిలాన్‌లో ఆస్ట్రియాతో సెమీఫైనల్. మత్తియాస్ సిండెలర్ నాయకత్వంలోని ఆ జట్టును ఆనాడు అద్భుత జట్టుగా కొనియాడేవారు. వానకు మైదానం బురదమయమైంది. బంతి బరువెక్కి జారుతోంది. ఎన్రికో గ్వాయితా తొలి అర్ధభాగంలో చేసిన ఏకైక గోల్‌ను ఇటలీ చివరిదాకా కాపాడుకుంది. నాలుగు రోజుల్లో మూడు మ్యాచ్‌లు. చివరి రెండింటిలో కోంబి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

రోమ్ అంతిమ పోటీ

జూన్ 10న రోమ్‌లో ఇటలీ, చెకోస్లొవేకియా అంతిమ పోటీకి దిగాయి. ఒకవైపు సారథి కోంబి, మరోవైపు సారథి ప్లానిచ్కా. ఇద్దరు గోల్‌కీపర్లు సారథులుగా ప్రపంచ కప్ ఫైనల్‌లో ఎదురుపడటం అరుదైన ఘట్టం. టురిన్‌లో రాయి తగిలిన గోల్‌కీపర్, ఆ టురిన్ క్లబ్ గోల్‌కీపర్ మైదానం మధ్యలో చేతులు కలిపారు.

రెండో అర్ధభాగంలో చెక్ ఆటగాడు ఆంటోనిన్ పూచ్ కొట్టిన బంతి కోంబిని దాటింది. మైదానం నిశ్శబ్దమైంది. ఆ తరువాత స్వోబోదా కొట్టిన మరో బంతి గోల్‌స్తంభానికి తగిలి తిరిగి వచ్చింది. అది లోపలికి వెళ్లి ఉంటే ఇటలీ కథ అక్కడితో ముగిసేదేమో. పది నిమిషాల లోపు ఆట మిగిలి ఉండగా ఓర్సి స్కోరు సమం చేశారు. అదనపు సమయం అయిదో నిమిషంలో ఆంజెలో స్కియావియో గెలుపు గోల్ సాధించారు. 2-1తో ఇటలీ ప్రపంచ విజేత అయింది. ఐదు మ్యాచ్‌లలో కోంబి ఇచ్చినవి మూడే మూడు గోల్స్. నాటి ఫైనల్‌లో ఆయనతో కలిపి ఐదుగురు యువెంటస్ ఆటగాళ్లు ఉన్నారు. రోజెట్టా, కాలిగారిస్ మాత్రం జట్టులో ఉన్నా ఆ రోజు బరిలో లేరు.

ఈ విజయాన్ని చెప్పేటప్పుడు ఆనాటి రాజకీయాన్ని దాచడం చరిత్రకు న్యాయం కాదు. ఇటలీ అప్పుడు ముస్సోలినీ ఫాసిస్టు పాలనలో ఉంది. ప్రపంచ కప్‌ను తన ప్రచారానికి వేదికగా ప్రభుత్వం వాడుకుంది. ముస్సోలినీ స్వయంగా ఫైనల్‌కు హాజరయ్యారు. విజేతలకు ప్రపంచ కప్‌తో పాటు ఆయన పేరిట మరో భారీ బహుమతి కూడా ఇచ్చారు. ఆటగాళ్లు ఫాసిస్టు వందనం చేశారు. స్పెయిన్‌తో మ్యాచ్‌లలోనూ ఆ తరువాతా రిఫరీల నిర్ణయాలు ఆతిథ్య దేశానికి అనుకూలంగా ఉన్నాయన్న విమర్శలు నేటికీ వినిపిస్తాయి. మునుపటి విజేత ఉరుగ్వే ఆ టోర్నీకి రానేలేదు.

ఇవన్నీ నిజమే. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పాలకులు తమ ఖాతాలో వేసుకున్న విజయంలో ఆటగాడి శ్రమకు విలువ లేదా? ప్రాగ్, వియన్నా, బార్సిలోనా క్రీడాభిమానులు కూడా కోంబిని తమ గోల్‌కీపర్ల సరసన నిలిపారు. ప్రచారం ఒక దేశపు ప్రజలను నమ్మించగలదు కానీ ప్రత్యర్థుల గౌరవాన్ని సంపాదించి పెట్టలేదు. 1924లో ఆయన ఓటమికి ఏ ప్రభుత్వమూ బాధ్యత వహించలేదు. తరువాతి పదేళ్ల సాధనలోనూ ఏ ప్రభుత్వానికీ వాటా లేదు.

ఆట ముగిశాక

ప్రపంచ కప్ అందుకున్న తరువాత కోంబి ముందుగా అనుకున్నట్టే ఆట విరమించారు. శిఖరాగ్రాన ఉండగా తప్పుకునే భాగ్యం క్రీడాకారుల్లో కొందరికే దక్కుతుంది. అదే ఏడాది నవంబర్‌లో లండన్‌లో ఇంగ్లండ్‌తో జరిగిన భీకర పోరులో, కోలుకున్న చెరెజోలి ఇటలీ గోల్‌ను కాచారు. బాధ్యత తరువాతి తరానికి సాఫీగా బదిలీ అయింది.

ఆ తరువాతి కాలం ఆయన సహచరులకు కలిసిరాలేదు. 1935లో క్లబ్ అధ్యక్షుడు ఎదోఆర్దో అన్యెల్లి విమాన ప్రమాదంలో దుర్మరణం పాలయ్యారు. 1940లో మాజీ ఆటగాళ్ల మ్యాచ్ ఆడుతూ కాలిగారిస్ కుప్పకూలి ప్రాణాలు విడిచారు. ఇటలీ యుద్ధంలో చిక్కుకుంది. యుద్ధానంతరం, 1949లో టురిన్ సమీపాన సుపెర్గా కొండపై జరిగిన విమాన ప్రమాదం టొరినో క్లబ్ జట్టు మొత్తాన్ని బలిగొన్నది. జాతీయ జట్టుకు వెన్నెముకగా నిలిచిన ఆటగాళ్లు ఒక్కసారిగా లేకుండా పోయారు. ఆ లోటు నుంచి తేరుకునే ప్రయత్నంలో ఉన్న జాతీయ జట్టు కోసం 1951లో ఏర్పాటైన ముగ్గురు సభ్యుల సాంకేతిక బృందంలో కోంబి ఒకరు. కార్లీనో బెరెత్తా, ఆంతోనియో బుసీని మిగిలిన ఇద్దరు.

1956 ఆగస్టు 12న లిగూరియా సముద్రతీరంలోని ఇంపేరియాలో కోంబి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు మాత్రమే.

మిగిలిన పేరు

జాతీయ జట్టు తరఫున ఇటలీ గోల్‌కీపర్లలో అత్యధిక మ్యాచ్‌లు ఆడిన ఆయన రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. 1970 దశకంలో దాన్ని అధిగమించింది డినో జోఫ్. ఆయన కూడా యువెంటస్ గోల్‌కీపరే. 1982లో స్పెయిన్‌లో జరిగిన ప్రపంచ కప్‌ను జోఫ్ సారథిగా అందుకున్నప్పుడు, గోల్‌కీపర్ సారథ్యంలో ఒక దేశం ప్రపంచ కప్ గెలవడం అది రెండోసారి. మొదటిసారి కోంబి సారథ్యంలో. ఆ తరువాత 2010లో స్పెయిన్‌కు చెందిన ఐకర్ కసియస్, 2018లో ఫ్రాన్స్‌కు చెందిన హ్యూగో లోరిస్ ఆ వరుసలో చేరారు.

టురిన్‌లో యువెంటస్ జట్టు ఏళ్ల తరబడి సాధన చేసిన మైదానానికి కోంబి పేరు పెట్టారు. జోఫ్ తరం ఆటగాళ్లు రోజూ ఉదయం అడుగుపెట్టిన నేల అది. పాలరాతి విగ్రహం కంటే సాధన మైదానమే ఆయనకు తగిన స్మారకం. ఎందుకంటే ఆయనను మహోన్నతుడిని చేసింది 1934 నాటి ఒక్క సాయంత్రం కాదు. ఏడు గోల్స్ తిన్న మర్నాడు మళ్లీ సాధనకు వెళ్లిన ఓ యువకుడి పట్టుదల.